పత్తి చేనులో నాన్న చొక్కా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో రోడ్డు దిగి కొంత లోపలికి పోతే మా ఊరు. అక్కడ పత్తి తీసే ఆడవాళ్లందరూ చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంటారు. పగిలిన కాయల అంచులు ఎండి ముళ్లలా ఉంటాయి. రోజంతా చెట్ల మధ్య వంగి నడిస్తే మోచేతుల దాకా గీరుకుపోతుంది. మందు కొట్టిన చేనైతే ఆ గీతల మీద మంట. అందుకే నిండు చేతుల చొక్కా, భర్తదో కొడుకుదో, పాతబడినది. మా అమ్మ మా నాన్నది వేసుకునేది. ఆయన ఆదోని మార్కెట్లో హమాలీ. ఆయన పోయాక మిగిలిన రెండు చొక్కాలనూ మార్చి మార్చి వేసుకుని అమ్మ ఆరేడేళ్లు గడిపింది. దానికి నేను పెద్ద అర్థం వెతకను. చేతులు గీరుకోకుండా వేసుకునేది, అంతే.

మా సంఘానికి కొత్త పాస్టరయ్య వచ్చాడు. మంచివాడే. ఎవరికైనా జ్వరమొస్తే తన బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఒక ఆదివారం ప్రసంగంలో, ఆడవాళ్లు మగవాళ్ల బట్ట వేసుకోవడం దేవునికి గిట్టదని, ఇకమీదట మన ఆడవాళ్లు చేనికి కూడా చొక్కాలు వేసుకోరాదని చెప్పాడు. వేసుకునేవాళ్లకు బల్ల ఇవ్వనన్నాడు. బల్ల అంటే నెల మొదటి ఆదివారం అందరికీ పంచే రొట్టె, ద్రాక్షరసం. సంఘ పెద్దలు తలలూపారు. అందరూ మగవాళ్లే. వాళ్లెవరూ పత్తి తీయడానికి వచ్చేవాళ్లు కాదు.

మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. అమ్మ మానలేదు. మూడు నెలలు బల్ల లేకుండా వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుంది. పళ్లెం తనను దాటిపోయేటప్పుడు కళ్లు మూసుకునేది. ఆమెకు చొక్కా కావాలి, బల్లా కావాలి.

నేను ఎమ్మిగనూరులో టీచర్ని. ఒక శనివారం ఇంటికి పోతే అమ్మ అడిగింది.

"రేపు ప్రార్థన అయినాంక సంఘం కూసుంటాదంట. సదివినదానివి, నువ్వు లేసి ఒక మాట అడుగు."

"ఏమని అడగాలమ్మా?"

"ఏమనేముంది? ఆయప్పను ఒక దినం ఉత్త సేతుల్తో పత్తి తీసేకి రమ్మను. మళ్లా బల్ల ఇచ్చేకి సేతులు లేస్తాయేమో సూస్తాం."

నవ్వాను. అడుగుతానన్నాను.

మరుసటి రోజు సంఘం కూర్చున్నప్పుడు పాస్టరయ్య చొక్కాల మాట ఎత్తి, "ఎవరన్నా ఏమన్నా సెప్పేదుందా?" అన్నాడు. వెనక నుంచి అమ్మ చూస్తోందని తెలుసు. ఆ నెలాఖరుకు నా కూతురిని ఆ గుడిలోనే ప్రతిష్ఠ చేయించాలి, అంటే పసిబిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన. అత్తగారింటి వాళ్లందరూ వస్తారు. ఒళ్లో ఉన్న పాప టోపీ సర్దుతూ కూర్చున్నాను. ఆయన ముగింపు ప్రార్థన చేశాడు.

ఇంటికి నడుస్తుంటే అమ్మ అంది: "టోపీ బాగా కుదిరిందిలే."

నా మాట నిలబెట్టుకోలేదని ఆదోనికి పోయి ఆడవాళ్ల టాపు ఒకటి కొనుక్కొచ్చాను. ఆడవాళ్లదే కాబట్టి ఎవరూ కాదనలేరని నా లెక్క. చీర మీద అది బిగుసుకుపోయింది. చేతులు మోచేయి దాటలేదు. చేలో పక్క సాలు మనిషి అడిగిందట: "ఏమత్తా, కాలేజీకి పోతాండావా? బస్సు పాసు తీసుకున్యావా?" అమ్మ కూడా నవ్విందట. రెండో రోజు దాన్ని ఉతికి మడిచి నాకిచ్చేసింది.

"నేను నిన్ను బట్ట అడగలేదు పాపా," అంది.

ప్రతిష్ఠకు వారం ముందు అమ్మ చొక్కా వేసుకోవడం మానేసింది. మానమని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు. పాప అమ్మమ్మకు బల్ల లేదంటే నాకు మాటవస్తుందని ఆమెకు తెలుసు. తర్వాత రెండు పంటలు ఉత్త చేతులతోనే తీసింది. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకునేది.

పోయిన ఏడు గుండె ఆగి చనిపోయింది. ఆ చావుకూ చొక్కాకూ సంబంధం లేదు. ఉందనుకుంటే నాకు ఏడవడం సులభమయ్యేదేమో. స్నానం చేయించేటప్పుడు చేతులు నేనే తుడిచాను. మానిన గీతలు, వాటి మీద మానని గీతలు. తెల్లచీర కట్టాం. ఏ చీర కట్టాలో కూడా సంఘమే చెప్పింది.

అమ్మ పోయి ఏడాదైన జ్ఞాపకార్థ కూడికకు పాస్టరయ్య వచ్చాడు. భోజనం చేస్తూ, అమ్మంత విధేయురాలిని చూడలేదన్నాడు. అప్పుడు అడిగాను, చొక్కాలు ఎందుకు వద్దన్నారని. గుర్తు తెచ్చుకోవడానికి ఆయనకు కాసేపు పట్టింది.

"అదా? ఆ దినం అందర్నీ అడిగితిని గదమ్మా. ఎవరూ నోరు తెరవల్యా. అందరికీ సమ్మతమే అనుకుంటి. ఒక్కరన్నా కష్టమని అనింటే పనికాడ ఏసుకోనిచ్చేవాణ్ణి. నువ్వూ ఆడనే ఉంటివి గదా?"

"ఉన్నాను," అన్నాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

"అయితే ఇప్పుడన్నా చెప్పండి అయ్యగారూ, వేసుకోవచ్చని."

"ఇప్పుడెందుకులేమ్మా. అందరికీ అలవాటైపాయ."

చేయి కడుక్కొని ప్రార్థనకు లేచాడు. ఆ గదిలో చేలో పనిచేసే ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అందరూ ముసుగు వేసుకొని తలలు వంచారు. నేనూ వంచాను.