రోమన్ చట్టాన్ని విప్పేసిన కండెల అవ్వ

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా వైపు ప్రతి మనిషికీ ఒక వాదన ఉండేది. నాకు మాత్రం రెండు. ఒకటి అందరిదీ, రెండోది రోమన్లది. లా కాలేజీలో మొదటి ఏడు గట్టెక్కి, చట్టం మొత్తం నా చున్నీ కొంగున ముడేసుకున్నట్టు తిరుగుతున్న కాలమది. (ఇప్పుడు ఆ పిల్ల ఎదురైతే రెండు తగిలించాలనిపిస్తుంది, కానీ తిరిగి వాదిస్తుందని భయం.) కోరుట్లలో మా అమ్మ "కూరల ఉప్పెక్కువేసినవ్" అంటే, "ఆరోపించినోళ్లే రుజువు చెయ్యాలె, రోమన్ల కాలంనుంచి గిదే రూలు" అనేదాన్ని. అమ్మ ఆ కూర నాకే వడ్డించి రుజువు చేసేది.

అట్లాంటి నేను రెండు రోజులుండి వద్దామని కథలాపూర్ మీదుగా సిరిసిల్లలోని మేనమామ ఇంటికి పోయాను. మర్నాటినుంచే సమ్మె, బస్సులు బంద్. నేనూ, నా రోమన్ లా పుస్తకమూ అక్కడే చిక్కుకున్నాం. మామకు నాలుగు సాంచాలుండేవి (మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు). అదే రేకుల షెడ్డులో మిగతా సగం ధోతుల కాకది. ఒకప్పుడు ధోతులే నేసేవాడు గనుక ఆ పేరు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా "బావా, బావా" అనుకుంటూ ఒకే బీడీకట్ట పంచుకున్నవాళ్లు. కాక తల్లి గడప పక్కన కూర్చుని, సాంచాలో అడ్డంగా పరుగెత్తే పేక నూలును రోజంతా చరఖా మీద కండెలకు చుట్టేది. వాడకంతా ఆమె కండెల అవ్వ.

సమ్మెలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే తింటున్న చెయ్యి కడుక్కోకుండా సాంచా దగ్గరికి ఉరకడమే అక్కడి రివాజు. ఒకనాడు, మర్నాటి ర్యాలీలో ముందు నడిచేవాళ్లకు పది కండువాలిస్తానని మామ మాటిచ్చాడు. ఆ పూట కరెంటు రాగానే ఉరికి, చేతికందిన గులాబీ కండెల డబ్బా లాక్కుని, సాంచాకు నిలువుగా ఎక్కించిన తన తెల్ల పడుగు మీద పదీ నేసేశాడు. నేశాక కరెంటు పోయింది. కాక వచ్చాడు.

"బావా, గీడ నా డబ్బా ఉండె, ఏది?"

"గిదే గద. ఖాళీ అయింది."

"గది నా బిడ్డ ఒడిబియ్యం చీర నూలు బావా. శుక్రవారం అల్లుడు కొడిమ్యాలకెల్లి బండి మీద తోలుకొస్తుండు. రంగులద్దేటోళ్లంత బంద్ పెట్టుకున్నరు. నేనేం పెట్టాలె దానికి?" (పుట్టింటివాళ్లు పెళ్లైన ఆడపిల్ల ఒళ్లో బియ్యం పోసి చీర పెట్టే వేడుక ఒడిబియ్యం.)

"చూడలే బావా. కరెంటు నిన్నడిగి అచ్చిందా?"

"అయితే కండువలు నాయి. నూలు నాదైతే బట్ట నాదే."

"నేసింది నేను. రేపు పది మందికి మొకమెట్ల చూపియ్యాలె?"

ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ గొంతు పెంచడం అదే మొదటిసారట. కాక బీడీకట్ట తీసి మామ ముందు పెట్టేశాడు, ఇక నీ దారి నీది అన్నట్టు. బుద్ధున్న పిల్లయితే చాయ్ పెట్టి ఇద్దరికీ ఇచ్చేది. నేను పుస్తకం తెచ్చాను.

"ఆగుండ్రి. దీనికి ఎప్పుడో తీర్పున్నది."

"ఏడ, వేములవాడలనా?" అన్నాడు మామ.

"రోమ్‌ల."

"గాళ్లకు మన కండువలతోని ఏం పని?"

వివరించాను. ఒకరి సరుకుతో ఇంకొకరు కొత్త వస్తువు చేస్తే అది ఎవరిదని రోమ్‌లో రెండు బడుల పండితులు తరాల తరబడి కొట్లాడారు. సరుకువాడిదేనని ఒక బడి, చేసినవాడిదేనని ఇంకో బడి. చివరికి ఒక చక్రవర్తి మధ్యేమార్గం చెప్పాడు: వస్తువును మళ్లీ సరుకుగా మార్చగలిగితే సరుకువాడిది, మార్చలేకపోతే చేసినవాడిది. వెండిచెంబు కరిగిస్తే మళ్లీ వెండే, ద్రాక్షసారా మాత్రం మళ్లీ ద్రాక్ష కాదు. ఆ మాటలే యూరప్ దేశాల చట్టాల్లోకి పాకాయి, ఇంగ్లీషువాళ్ల పుస్తకాల గుండా మన లా కాలేజీదాకా వచ్చాయి. "కాబట్టి," అన్నాను గొంతు సవరించుకుని, "బట్ట మళ్ల నూలు గాదు. కండువలు మామయి."

"ఆ రాజు ఎన్నడన్న సాంచా నడిపిండా బిడ్డా?" అన్నాడు కాక.

కండెల అవ్వ చరఖా ఆపింది. "ఏందే లాయరు పిల్లా, మల్ల నూలైతే మాదేనా?"

"అవునవ్వా, చట్టం గట్లనే చెప్తది," అన్నాను, ఉదారంగా.

అవ్వ ఒక కండువా ఒళ్లోకి లాక్కుంది. గోటితో కొస తీసి, పోగు వెనక పోగు విప్పుతూ చరఖా తిప్పింది. గర్రు గర్రుమంటూ గులాబీ నూలు కండెకెక్కింది. ఆమె ఒళ్లో మామ పడుగు తెల్లని కుచ్చులై వేలాడింది. రెండు వేళ్ల మేర విప్పి కండెను నా ముక్కు దగ్గర పెట్టింది.

"నూలైందా?"

"అయిందవ్వా."

"మరి చెప్పు తీర్పు."

నేను పుస్తకం మూసి ఒళ్లో దాచుకున్నాను. మామ నా వైపు చూసి, "నిన్నెవలు పిలిచిండ్రే కోడలా?" అన్నాడు. (మంచి ప్రశ్న. ఇప్పటికీ సమాధానం దొరకలేదు.)

అవ్వ మళ్లీ చరఖా తిప్పబోయింది. మామ తల పక్కకు తిప్పుకున్నాడు. కాక అది చూసి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపే అవ్వా. నేసిన బట్టను ఇప్పుతరా ఎవలన్న? పొయ్యేటియి పోనీ, రేపు మెడల ఏసుకుంటరు."

మామ బీడీకట్టను మెల్లగా కాక వైపు జరిపాడు. "బావా, మా ఇంటిదాని ఆకుపచ్చ నూలున్నది. సన్న నూలు. బిడ్డకు గది నేద్దాం, కరెంటొస్తే ఇద్దరం."

లోపలినుంచి అత్త, "గా నూలు నాది, నన్నడిగినవా?" అంది. (ఆమె హక్కు గురించి ఆ చక్రవర్తీ ఆలోచించలేదు, మామా ఆలోచించలేదు.) అడిగారు, ఇచ్చింది. శుక్రవారం చీర తయారైంది. అంతకుముందు ర్యాలీలో ముందు వరుసన చెరో కండువాతో నడుస్తూ, "నూలు నాది" అని కాక, "నేత నాది" అని మామ దారంతా చెప్పుకుంటూనే ఉన్నారు.

కుచ్చులు వేలాడుతూ ర్యాలీకి పనికిరాని పదో కండువాను అవ్వ ఫీజుగా నా మెడలో వేసింది. కథలాపూర్ దాకా ఒక ఆటో, అక్కడినుంచి ఇంకో ఆటో పట్టుకుని కోరుట్ల వస్తూ పుస్తకం తెరిస్తే, తర్వాతి పేజీలోనే ఉంది: చేసినవాడి సొంత సరుకు కూడా అందులో కలిసి ఉంటే, వస్తువు నిస్సందేహంగా అతడిదే. పడుగు మామదే కదా! నేను ఆ పేజీ దాకా చదవనే లేదు.

ఇప్పుడు జగిత్యాల కోర్టులో పొలం హద్దుల గెట్టు తగాదాలు వాదిస్తాను, అన్ని పేజీలూ చదివే పోతాను. ఎక్కువే గెలుస్తాను కూడా. గెలిచిన అన్న, ఓడిన తమ్ముడు కోర్టు మెట్లు చెరో వైపు దిగిపోతుంటే, సంచిలోని ఆ కండువా కుచ్చులు వేళ్లకు చుట్టుకుంటాను. ఆ పొగరుబోతు పిల్ల ఇంకొక్క పేజీ చదివి ఉంటే మామ కేసు గెలిచేవాడు. బావను పోగొట్టుకునేవాడు.