తీగలు కోసిన విమానం

మూడేళ్ల కిందటి మాట. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అబుదాబిలో వడ్రంగి పనిలో ఉన్నాను. ఒక ఎగ్జిబిషన్ కోసం పాతకాలం బ్రిటిష్ నేవీ విమానం నమూనా కడుతున్నాం. ఓడల మీద నుంచి విమానాలు ఎగరడం మొదలైన రోజులదట. అంతా చెక్క, గుడ్డ. ఒకదానిపై ఒకటి రెండు రెక్కలు, మధ్యలో సన్నటి చెక్క నిలువులు, అవి ఒరగకుండా బిగించిన తీగలు. కింది రెక్కకు మా రూమ్‌లో ఉండే మల్లేశు రంగు వేస్తున్నాడు.

"ఫోటోకు తీగలు అడ్డం. కోసెయ్" అన్నాడు ఫోర్‌మన్ నాతో.

"సార్, మంచం నులక కోసి పడుకుంటామా? పై రెక్కను ఆపేవి ఇవే."

"ఏడో క్లాస్ తప్పినోడివి, నాకు విమానం నేర్పుతావా? యల్లా, తొందరగా కానియ్!"

ఉక్రోషంతో టకటకా కోశాను. మల్లేశును పక్కకు పిలవాలన్న సోయి కూడా లేదు. నాలుగో తీగ తెగగానే పై రెక్క ధన్‌మని అతని మీద కూలింది. భుజం విరిగింది.

ఫోర్‌మన్ ఉరికొచ్చి నన్నే అడిగాడు: "తీగలు ఎవడు కోశాడ్రా?"

సగం కోపం ఆయన మీద, సగం నా చేతి మీద. ఇప్పుడు ఎవరైనా అలా కోయమంటే ఒకటే చెబుతాను: "ముందు మీరు కింద నిలబడండి సార్, అప్పుడు కోస్తా."