ఫోన్ ఆపి చూడమన్న సారు

"అక్కా, సారు పోయారు" అని జూనియర్ ఫోన్ చేసినప్పుడు నేను మాచర్ల బస్సులో ఉన్నా. పొద్దున కుర్చీలో పేపర్ చదువుతూ అలాగే ఒరిగిపోయారంట. ఏ సారని అడగలేదు. నాకు సారంటే ఒక్కరే, నరసరావుపేటలో మా బీటెక్ ప్రాజెక్ట్ గైడ్.

మీకు ఆయన తెలిసుండరు. హెల్మెట్ కింద తడి తుండు చుట్టుకుని స్కూటర్ మీద కాలేజీకొచ్చే మనిషి. ల్యాబ్‌లో ఏది మొరాయించినా ఒకటే ప్రశ్న, "ఆపి చూశావా?" ఫ్యాన్ మోత చేస్తే ఆపి వినేవారు. ఒక్కోసారి మోత ఆగేది కాదు, అది పక్కగది ఫ్యానుది. "చూశావా, దీన్ని ఊరికే తిట్టుకున్నాం" అని నవ్వేవారు. వెనకాల మేం ఆయన్ని 'ఆపిచూశావా సారు' అనే పిలుచుకునేవాళ్ళం. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది చదువు మీద ప్రేమతో కాదు. మూడో ఏడాదిలో మా అమ్మ తలలో గడ్డతో పోయింది. హాస్టల్ నుంచి రోజూ సాయంత్రం గంటసేపు అమ్మతో మాట్లాడేదాన్ని. అమ్మ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మిరపకాయల తొడిమలు తీస్తా వినేది. దినాల నాడు మా పిన్ని అందరి ముందూ అనేసింది, "ఆ ఫోనేనే మా అక్క తలకాయ తినేసింది" అని. అంటే నేనేగా! అప్పట్నుంచి ఫోన్ చెవికి ఆనించలేదు. నాన్నతో కూడా స్పీకర్లోనే.

అందుకే ఫోన్ రేడియేషన్‌కి తల ఎంత వేడెక్కుద్దో కంప్యూటర్లో చూసే ప్రాజెక్ట్ అడిగి మరీ తీసుకున్నా. చర్మం, ఎముక, మెదడు పొరలు పొరలుగా పేర్చి ఒక తల తయారుచేశా. చెవి పక్కన ఫోన్ పెట్టా. మాది ఎండలకి పేరుమోసిన రెంటచింతల కదా, తల చుట్టూ గాలి వేడి ఎంతో ఇవ్వాల్సిన చోట మా ఊరి మే నెల ఎండే వేశా. రన్ చేస్తే తెర మీద తలంతా ఎర్రబడి, వేడి ఎక్కుతానే ఉంది. "చూడండి సార్, ఉడికిపోయింది" అని ఏడ్చేశా.

ఆయన ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఫోన్ ఆపి చూశావా?" అన్నారు.

ఫోన్ పవర్ సున్నా చేసి మళ్ళీ రన్ చేశా. తల దాదాపు అంతే ఎర్రబడింది.

"ఇది మీ ఊరి ఎండమ్మా. పైగా ఈ తలకి రక్తం లేదు, చెమట లేదు. బతికున్న మనిషిలో రక్తం తిరుగుతా వేడిని లాక్కెళ్ళిపోద్ది. అది పెట్టటం మర్చిపోయావు."

పెట్టా. ఈసారి ఫోన్ ఉన్నప్పటి వేడికీ ఆపినప్పటి వేడికీ తేడా డిగ్రీలో చిన్న ముక్క. "మరి చెవి కాలుద్దేంది సార్?" అన్నా. "బ్యాటరీ వేడి కొంత. ఫోను చెవిని మూసేస్తే నీ ఒంటి వేడే బయటికి పోలేక ఆగుద్ది, అది కొంత."

"అయితే మా అమ్మ..."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "గడ్డ ఎందుకొచ్చిందో నాకు తెలవదమ్మా. తెలుసని అబద్ధం చెప్పను. ఈ లెక్క వేడి గురించే. నువ్వు మీ అమ్మ తలని ఉడికించలేదు. అది మాత్రం సంతకం పెట్టి చెప్తా." నిజంగానే ప్రింటౌట్ మీద సంతకం పెట్టిచ్చారు. ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంటుందది.

ఆ సాయంత్రం ఫోన్ చెవికి ఆనించుకుని నాన్నతో మాట్లాడా. "ఏందే, ఇయ్యాల నీ గొంతు దగ్గరగా వినపడతంది" అన్నాడు. ఈ మాట సారుకి చెప్పాలి చెప్పాలి అనుకుంటానే ఇన్నేళ్ళు గడిపేశా. ఎంత బుద్ధి తక్కువదాన్ని!

మొన్న బస్సులో జూనియర్ పెట్టేశాక కూడా ఫోన్ చెవి మీద నుంచి తియ్యలేకపోయా. చెవి కాలిపోతా ఉంది. కాసేపటికి స్విచాఫ్ చేసి ఒళ్ళో పెట్టుకున్నా. ఆపి చూశా సార్. రెంటచింతల దాటినా చెవి వేడి తగ్గలేదు.