చుక్కల బల్లికి ఇల్లు

ఇది ఎవరికీ చెప్పలేదు. చిన్నాన్న ఖాళీ గదిలోంచి ఇసుక సర్దుతున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

చింతామణిలో మా అంగడి పాత అద్దాల పెట్టెను తన గదిలో పెట్టుకుని, అందులో ఆయన చుక్కల బల్లిని పెంచేవాడు. ఇసుక పరిచి, అది దాగడానికి కుండపెంకు బోర్లించి, ఒక మూల పొయ్యి మీద కాచిన రాయి పెట్టేవాడు. పసిపిల్ల నుదురు చూసినట్టు, వేళ్ళ వెనక భాగంతో ఆ ఇసుకను తాకి చూసేవాడు.

"పెండ్లి జేసుకోరా అంటే బల్లికి ఇల్లు కడతాండావా?" అని అవ్వ దెప్పేది.

"ఒక పక్క వెచ్చగ, ఒక పక్క సల్లగ ఉండల్లమ్మా. యాడ బాగుంటే ఆడికి పోతాది."

క్షయ ముదిరి బెంగళూరు ఆసుపత్రికి బయలుదేరిన సాయంత్రం ఆయన బల్లిని నాకు అప్పగించాడు. ఎప్పుడొస్తావని అడిగాను. పెట్టె వైపే చూస్తూ ఆయన నాతో చివరిగా అన్నాడు:

"ఈ గదిలో దీపం పెట్టొద్దమ్మా. దానికి చీకట్లోనే ఆకలయితాది."