నాన్న దవడ పన్ను, నా కంప్యూటరు లెక్క

ఆ రోజుల్లో బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్‌లో చెప్పులు బయట విడిచి వెళ్ళాల్సిన చోట్లు నాకు తెలిసి రెండే: న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా తెలుగువాళ్ళ గుడి, నేను పనిచేసే కాలేజీలోని కంప్యూటరు గది. ఆ రెండో గదిలో పలికిందే వేదమని నమ్మే వయసు నాది. ఎమ్మెస్సీ పాసై, పుచ్చిన గుంటలో సిమెంటు పెట్టిన పన్ను మీద నమిలేటప్పుడు ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటరు చేత లెక్క కట్టించే ప్రాజెక్టులో చేరాను. పన్ను బొమ్మ గ్రాఫు కాగితం మీద గీసి, దాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టి, ఒక్కోదాని కొలతలూ టైపు చెయ్యాలి. (ఇదంతా చుట్టాలకి చెప్పలేక మా అమ్మ "పళ్ళ డాక్టరు కాడ పని" అనేసేది. అది నాకు మొదటి అవమానం.)

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో లేతు మీద ఇరుసులు తిప్పి చెక్కే టర్నరు. కింది దవడ పన్నుకి సిమెంటు పెట్టించుకున్నప్పటి నుంచి ఆ పక్కన నమిలేవాడే కాదు. ఎనిమిది నెలలు కుస్తీ పట్టాక నా లెక్క తేలింది: అలాంటి పన్నుకి ఏ భయమూ లేదు. ఆ ఆదివారం అమ్మ జంతికలు వండింది. "నాన్నా, ధైర్యంగా ఆ పక్కనే కొరుకు. కంప్యూటరు సెప్పినాది" అన్నాను. ఆయన నా మొహం చూసి కొరికాడు. టప్పుమంది. విరిగింది జంతిక కాదు.

పన్ను ముక్కని అరచేతిలో వేసుకుని, కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. "సూడమ్మా, సిమెంటు గుంట అడుగున, మూల కాడ్నుంచి పగిలినాది. ఇరుసు తిప్పినప్పుడు మూల గుండ్రంగా తియ్యకపోతే అక్కడే ఇరుగుతాది. ఆ మూల మీ మిషను సూడనేదా ఏటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇరుసూ పన్నూ ఒకటేటి? లెక్క తప్పనేదు, నీ పన్నుదే తప్పు!" అని అరిచాను.

మర్నాడు ప్రాజెక్టులో నాకు సీనియరైన బెంగాలీ దాదాతో ఈ అన్యాయమంతా చెప్పుకున్నాను. ఆయన జాలిపడటం మానేసి, ఆ మూలలో ఎన్ని త్రికోణాలు పెట్టావని అడిగాడు. రెండు. (టైపు చెయ్యడానికి బద్ధకమై.) ఇరవై పెట్టి మళ్ళీ లెక్క కట్టించాం. సరిగ్గా ఆ మూలలోనే ఒత్తిడి ఆకాశాన్నంటింది. "తోమార్ బాబా ఠీక్ బోలేఛేన్" అన్నాడు దాదా, మీ నాన్న చెప్పిందే నిజమని. ఇదేం న్యాయమండీ? నేను ఎనిమిది నెలలు కళ్ళు పొడుచుకుంటే తేలనిది, ఆయన ఒక్క జంతికతో తేల్చేస్తాడా! ఆ ఉక్రోషంతో మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

నాలుగో రోజు సాయంత్రం, మిగిలిన పన్ను కూడా పీకించుకుని, వాచిన చెంపతో, దూది కరిచిపెట్టి ఆయనే నా దగ్గరికొచ్చాడు. "ఓలమ్మీ, పై పన్నుకీ సిమెంటుంది కదా. పోనీ ఈపాలి దాన్ని లెక్క కట్టు. నువ్వు కొరకమంటే కొరుకుతాను" అన్నాడు, ముద్దముద్దగా.

విరిగింది ఆయన పన్ను, అలిగింది నేను, బతిమాలిందీ ఆయనే. అప్పటి ఆ పిల్లకి అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో అని ఇప్పుడు నవ్వుకుంటాను. పై పన్ను లెక్క మాత్రం ఎన్నడూ కట్టలేదు. నేను కొరకమంటే ఆయన నిజంగానే కొరికేసేవాడు.