ట్యాంకు నిండితే పిన్ని పిలిచేది

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు ఉండేవారు: హ్యాకర్లూ, హ్యాకర్ల చేతికి చిక్కబోయే అమాయకులూ. ఆ అమాయకుల్ని కాపాడటానికి పుట్టినదాన్ని నేను. ఇంజనీరింగ్ గట్టెక్కి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్వీట్ల షాపు పైఅంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. ఫ్యాక్టరీల్లోనూ నీళ్ళ ప్లాంట్లలోనూ పంపుల్ని, వాల్వుల్ని నడిపే కంప్యూటర్లు ఉంటాయి కదా, వాటిలోకి బయటివాళ్ళు చొరబడకుండా చూడటం మా పని. దానికి ప్రపంచమంతా ఒప్పుకున్న భద్రతా ప్రమాణాలున్నాయి. వాటన్నిటినీ కలిపి మేము 'స్టాండర్డు' అని ఏకవచనంలో, భక్తిగా పిలుచుకునేవాళ్ళం. మా బాస్‌కి ఆ పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. కాఫీలో పంచదార ఎక్కువైనా అందులోని ఏదో ఒక క్లాజు, అంటే నియమం, నంబరుతో సహా చెప్పి తిప్పి పంపేవారు. అందుకే ఆయన పేరు క్లాజు గారు (చాటుగా మాత్రమే, ఎదురుగా 'సార్' అనేవాళ్ళం, ఆ మాత్రం భద్రత మాకూ తెలుసు).

నాకు అప్పజెప్పిన మొదటి పని కంకిపాడు దాటాక కాలవ గట్టున ఉన్న ఒక మంచినీళ్ళ ప్లాంటు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అక్కడినుంచే నీళ్ళు. రోజూ పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కి, ఒళ్ళో లాప్‌టాపు, చంకలో స్టాండర్డు పెట్టుకుని యుద్ధానికి వెళ్తున్నదాన్లా వెళ్ళేదాన్ని. వెళ్ళగానే చూస్తే కంప్యూటరు పాస్‌వర్డు తెర మీదే కాగితం ముక్క మీద అంటించి ఉంది. అక్కడికక్కడే పీకేసి, అక్షరాలూ అంకెలూ కలిపి ఒక భయంకరమైన పాస్‌వర్డు పెట్టించాను. మర్నాడు వెళ్ళేసరికి అది గోడ మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. "ఆ చిన్న కాగితమ్మీద ఆనటంలేదమ్మా, పెద్దవాళ్ళం కదా" అన్నారు అక్కడి పెద్ద ఆపరేటరు. పెన్‌డ్రైవు పెట్టే రంధ్రాలు మూయించాలి అన్నాను. పైపు లీకులకి వాడే లప్పంతో ఎంచక్కా పూడ్చేశారు, మౌస్ పెట్టేదాంతో సహా.

ఆ పెద్ద ఆపరేటరుని ప్లాంటులో అందరూ బాబాయ్ గారు అనేవారు. గుణదల మనిషి, రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉన్నారు. చొక్కా జేబులో జపమాల, సంచిలో ఎప్పుడూ నాకోసం రెండు జామకాయలు. రెండో ఆపరేటరు నోరు తెరిస్తే ముందు 'శుభ్రంగా' అన్న మాట రావాల్సిందే ("మోటారు శుభ్రంగా కాలిపోయిందండీ!"). ఆయన్ని శుభ్రంగా గారు అందాం.

అసలు విశేషం ఆ ప్లాంటు అలారం. ట్యాంకులో నీళ్ళు హద్దు దాటితే మామూలుగా కంప్యూటరు కుయ్యోమని కూస్తుంది. అక్కడ కూయదు. ఒక ఆడమనిషి గొంతు గట్టిగా వినపడుతుంది: "ఏవండోయ్! ట్యాంకు నిండిపోతోంది. ఆ పంపు ఆపుతారా, నన్ను రమ్మంటారా?" మొదటిసారి విన్నప్పుడు స్టాండర్డు నా చేతిలోంచి కిందపడింది.

అది బాబాయ్ గారి భార్య గొంతట. యంత్రాలు బిగించిన కొత్తలో ఆ కూతకి అందరూ అలవాటు పడిపోయి పట్టించుకోవటం మానేశారు. "మా ఆవిడ కేకేస్తే తప్ప నాకు చెవికెక్కదయ్యా" అని బాబాయ్ గారు సరదాకి అంటే, బిగించడానికి వచ్చిన కుర్రాడు దాన్ని నిజంగానే పట్టుకున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన ఆవిడ చేత ఫోనులో చెప్పించి, కంప్యూటర్లో ఎక్కించాడు. అప్పట్నుంచీ ఆ ప్లాంటులో అలారం మోగటం అనేది లేదు, పిన్ని పిలవటమే. ఆ తర్వాత కొన్నాళ్ళకి పిన్ని జబ్బుచేసి పోయింది. గొంతు మాత్రం ఉండిపోయింది.

ఈ కథ శుభ్రంగా గారు చెప్పగా విని, "అయ్యో" అని, ఆ వెంటనే లాప్‌టాపు తెరిచి 'అనుమతి లేని ఫైలు, తొలగించవలెను' అని రాసుకున్నాను. (అప్పటి నన్ను ఇప్పుడు ఎవరైనా నాకు చూపిస్తే, కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టి, కాసేపు ఊరుకోవే అని చెబుతాను.)

ఆ ఫైలు కోసం వెతుకుతుంటేనే నాకు నా హ్యాకర్ దొరికాడు. పాత రికార్డులు చూస్తే రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి ట్యాంకు హద్దు దాటుతోంది. హద్దు దగ్గరికి రాగానే తనంతట తనే ఆగిపోవాల్సిన పంపుని ఎవరో ఆటోమేటిక్ నుంచి చేతి నియంత్రణలోకి మారుస్తున్నారు. అలారం వస్తుంది, పంపు ఆగుతుంది, మళ్ళీ అంతా మామూలే. ఎవడో విదేశాల్లో కూర్చుని మా కాలవ నీళ్ళతో ఆటలాడుతున్నాడని తేల్చేశాను. ఆదేశాలన్నీ కంట్రోల్ రూములోని బల్ల మీది కంప్యూటరు నుంచే వెళ్తున్నాయని తెలిసినా, ఆ బల్ల ముందు కూర్చునేది బాబాయ్ గారే కదా అని నాకు తట్టలేదు. జామకాయలు పెట్టే మనిషి మీదికి అనుమానం ఎలా పోతుంది? క్లాజు గారికి ఫోన్ చేశాను. ఆయన బెంజ్ సర్కిల్ నుంచి స్కూటరు మీద ఎగేసుకుంటూ వచ్చారు.

ఇద్దరం ప్యానెల్ బీరువాల వెనక నక్కి చూస్తున్నాం. బాబాయ్ గారు చేతులు కడుక్కున్నారు. క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టారు, మూత తియ్యలేదు. కీబోర్డు మీద ఏదో నొక్కి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చున్నారు.

"దొరికారు! ఆ బల్ల ఎవరూ ముట్టుకోవద్దు!" అంటూ క్లాజు గారు హెల్మెట్టుతోనే బయటికి దూకారు. సాక్ష్యం చెదరకూడదని ఒక క్లాజుంది. బాబాయ్ గారు బిత్తరపోయి, "అయ్యా, ఒక్క నిమిషం, పంపు..." అన్నారు. "ముట్టుకోవద్దన్నానా!" అని ఆయన్ని ఆవరణలోకి తీసుకొచ్చేశాం.

వేపచెట్టు కింద నిలబెట్టి అడిగితే దాచలేదు. "ఆవిడ గొంతు వినాలనమ్మా. అన్నం వేళకి రోజూ వచ్చేది. పిలిచేదాకా ముద్ద దిగటంలేదు."

"ఫోనులో వేసిస్తాను బాబాయ్ గారూ, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు" అన్నాను, పెద్ద ఉపాయం చెప్పినట్టు.

"ఫోనులో నేను నొక్కితే మాట్లాడుద్దమ్మా. ఇక్కడ తనంతట తను పిలుస్తది. పనుండి పిలుస్తది."

క్లాజు గారు హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిన్ని కేకేసింది. ట్యాంకు నిండిపోతోంది, ఆ పంపు ఆపుతారా, నన్ను రమ్మంటారా.

కిటికీలోంచి శుభ్రంగా గారు తల బయటపెట్టారు. చేతిలో పెరుగన్నం ముద్ద. "శుభ్రంగా పిన్ని పిలుస్తోందండీ, బాబాయ్ గారూ!" అని నవ్వుతూ చెప్పి, మళ్ళీ లోపలికెళ్ళి అన్నం ముందు కూర్చున్నారు.

"ఆపవయ్యా! పంపు ఆపు! నేనిక్కడుంటే!" అని బాబాయ్ గారు పరిగెత్తారు. పిన్ని పిలుస్తూనే ఉంది. లోపల శుభ్రంగా గారూ, ఆయనతో అన్నం తింటున్న హెల్పరూ ఉన్నారు, ఒక్కరూ లేవలేదు. అది బాబాయ్ గారి ముచ్చట అనుకున్నారు. ఆయన వెళ్ళి ఆపేలోగా నీళ్ళు పొంగి మెట్ల మీదుగా ఆవరణంతా పారాయి. క్లాజు గారి బూట్లు మునిగాయి. ఆయన కదల్లేదు. ఆ నిలబడ్డ మనిషిని చూసి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఏది ముందు ఆపుకోవాలో తెలియక నీళ్ళలో అలాగే నిలబడ్డాను.

లోపలికెళ్ళేసరికి బాబాయ్ గారు కుర్చీలో కూలబడి ఉన్నారు. "అంటే ఆవిడ పిలిస్తే నేను తప్ప ఎవరూ పలకటంలేదన్నమాట" అన్నారు. శుభ్రంగా గారు తింటున్న అన్నం పక్కకి నెట్టి, చీపురందుకుని మెట్ల మీది నీళ్ళు ఊడవటానికి వెళ్ళారు.

విచిత్రం ఏమిటంటే, ఫైలు తీసెయ్యాలని రాసుకున్న నేనే అప్పుడు అడ్డం పడ్డాను. స్టాండర్డులో దారి ఉంది సార్, ఫైలుని పరీక్షించి అనుమతి తీసుకుంటే గొంతు ఉంచొచ్చు అని పేజీలు తిప్పి చూపించాను. క్లాజు గారు కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది బాబాయ్ గారే.

"వద్దమ్మా. తీసెయ్. రేపు మీరు చెప్పే ఆ బయటివాడెవడో నిజంగానే వచ్చి పంపు తిప్పినా, పిన్నేలే అని కూచుంటారు. నేనే చేశానిది. ఊళ్ళవాళ్ళు తాగే నీళ్ళు. పిలిస్తే ఎవరూ పలకని చోట ఆవిణ్ణి ఎట్టా ఉంచను?"

కొత్త అలారం పెట్టే రోజు పాత ఫైలు తీసేసే మీట దగ్గరికొచ్చి ఆగిపోయాను. క్లాజు గారు గొంతు సవరించుకుని, "మార్పు చేసే ముందు పాతది సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించి చూడాలి. క్లాజు ఉంది" అన్నారు. నంబరు చెప్పలేదు. ఆయన నంబరు లేకుండా క్లాజు చెప్పటం నేను వినటం అదొక్కసారే. పంపు నడిచింది. అందరం నిలబడ్డాం. పిన్ని పిలిచింది. "వస్తన్నానే" అని బాబాయ్ గారు నెమ్మదిగా బల్ల దగ్గరికి వెళ్ళి పంపు ఆపారు. తర్వాత క్యారేజీ మూత తీసి, మాకందరికీ తలా ముద్ద పెట్టారు. పప్పులో ఉప్పు లేదు. ఎవరమూ చెప్పలేదు.

గొంతుని నా లాప్‌టాపులోంచి పెన్‌డ్రైవులో వేసి ఆయన చేతికిచ్చాను. రిటైరయ్యాక ఒకసారి గుణదల మరియమాత ఉత్సవాల్లో కనపడి జామకాయ ఇచ్చారు గానీ, ఆ పెన్‌డ్రైవు సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మరుసటేడే పోయారు. పిన్నే పిలిచి ఉంటుంది, తనంతట తను.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన నలుగురు పిల్లలకి నేను క్లాజులు చెబుతున్నాను (చాటుగా నా పేరేమిటో నాకు తెలుసు). సెలవు రోజున లాప్‌టాపు ముందు కూర్చుంటే వంటింట్లోంచి మా ఆయన కేకేస్తాడు: "అన్నం చల్లారిపోతోంది, వస్తావా, నన్ను రమ్మంటావా?" అలారం వినపడగానే లేవాలని ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషిని, వినపడనట్టు అలాగే కూర్చుంటాను. పని ఏమీ చెయ్యను. ఇంకోసారి పిలుస్తాడు కదా అని, అంతే.