ప్రస్థానం సంచి

హైదరాబాదులో అద్దె విమానాలు నడిపే ఒక కంపెనీలో నా ఉద్యోగ జీవితం గడిచింది. విమానం విదేశం వెళ్లాలంటే దారిలోని ప్రతి దేశం అనుమతీ తీసుకోవాలి. దిగే చోట స్లాట్, అంటే అక్కడివాళ్లు మనకిచ్చే సమయం, సంపాదించాలి. పైలట్ల డ్యూటీ గంటలు మించకుండా చూడాలి. ఒక్కటి జారితే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఏ రోజు పని ఆ రోజే డైరీలో రాసుకునేవాణ్ణి. వాటిలో ఒక పేజీ దగ్గరికొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నరసరావుపేట మిర్చి ఎగుమతిదారు ఒకాయన ఇంటిల్లిపాదితో దుబాయ్ వెళ్లడానికి విమానం మాట్లాడుకున్నాడు. వరసకు నన్ను బాబాయ్ అంటాడు. ఆ ప్రయాణం పనంతా నా విభాగంలో నా కింద పనిచేసే ఒకమ్మాయి చూసింది. పని పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవని మనిషి. బయలుదేరేది ఉదయమని మెసేజ్ పెట్టింది, ఫోన్లోనూ చెప్పింది.

ఆ ఉదయం విమానం సిద్ధంగా ఉంది, మనుషులు లేరు. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చేస్తన్నామమ్మా, దగ్గర్లోనే ఉన్నాం" అన్నాడాయన. వచ్చేసరికి మధ్యాహ్నమైంది. స్లాట్ పోయింది. కొత్తది మరునాటికి గానీ దొరకలేదు. ఈలోగా అక్కడ ఆయన్ను కలవాల్సిన కొనుగోలుదారులు వెళ్లిపోయారు.

వాళ్లు దుబాయ్ వెళ్లి తిరిగొచ్చిన మర్నాడు మా డైరెక్టర్ నన్ను పిలిచాడు. "మీ విభాగం అమ్మాయే చివర్లో ఫోన్ చేసి బయలుదేరేది మధ్యాహ్నమని చెప్పిందని ఆ మిర్చి ఆయన అంటున్నాడు. ఆయన మనకు ముఖ్యమైన క్లయింటు. ఆమెను తీసేయండి."

ఆమెను ఒక్క మాటైనా అడగలేదు! తీసేసే కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. ఆ ఎగుమతిదారు తల్లి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆవిడకే ఫోన్ చేశాను.

"ఏందీ, వాడు అట్టా చెప్పాడా?" అందావిడ. "ఆ పొద్దున వర్జ్యం నాయనా. ముందురోజు మంచి గడియలో ప్రస్థానం పెట్టించా. సంచిలో ఒక పంచె పెట్టి మా చెల్లెలింట్లో ఉంచి రారా అంటే, ఈ తెలివిగలోడు పాసుపోర్టులున్న సంచే పెట్టొచ్చాడు. పోతా పోతా తీసుకోవాల గదా! మిర్యాలగూడ దాటినాక గుర్తొచ్చింది. అందరం ఎనక్కి."

ప్రస్థానం మీద నాకు కోపం లేదు. నేను పరీక్షకు వెళ్లేటప్పుడు మా అమ్మా ముందే మంచి గడియలో పక్కింట్లో నా చొక్కా పెట్టించేది, అప్పుడే బయలుదేరినట్టు లెక్క అని. మరిచిపోవడం మీదా కోపం లేదు. ఆ మతిమరుపును ఒక ఉద్యోగి నెత్తిన రుద్దడమే నాకు మింగుడు పడలేదు.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. "ఏంది బాబాయ్, ఇంతదానికి అమ్మ దాకా పోయావ్? చానా తిట్టింది."

"తిట్టక ముద్దు పెట్టుకుంటదా? ఆ పిల్ల ఉద్యోగం పోతందిరా."

"ఇంకోచోట చూసుకుంటదిలే, చదువుకుంది గదా. నేనేమో, బేరం ఎందుకు పోయిందంటే, పార్ట్‌నర్ల ముందు సంచి మర్చిపోయానని చెప్పుకోవాల్నా?"

"చెప్పుకో. లేదంటే మీ అమ్మనే మా డైరెక్టర్‌తో మాట్లాడిస్తా."

సాయంత్రానికి "ఏదో పొరపాటు జరిగింది, వదిలేయండి" అని డైరెక్టర్‌కు కబురు పెట్టాడు. ఎవరి పొరపాటో చెప్పలేదు. డైరెక్టర్ ఆమెను తీసేయడం మానుకున్నాడు గానీ, "సంబంధం చెడకుండా ఆయనకు క్షమాపణ రాయమనండి" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. డైరెక్టర్ నేరుగా ఆమెకే చెప్పాడు.

ఆమె నా ఎదుటే కూర్చుని రాసింది. "బయలుదేరేది ఉదయమని మీకు మెసేజ్‌లోనూ ఫోన్లోనూ చెప్పాను. మధ్యాహ్నమని ఎప్పుడూ చెప్పలేదు." అంతే. క్షమించమన్న మాట లేదు.

"ఇది పంపిస్తే నన్ను ఉంచుతారా సార్?" అని అడిగింది.

"తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యాలి" అని, ఆమె పేరు కింద నా పేరూ చేర్చి పంపించాను.